ఆవఘాటు, సముద్రపు నాచు, పార్శ్వపు నొప్పి

తెలుగులో ఈ జబ్బుకు పేర్లకు కొదవ లేదు. పార్శ్వపు నొప్పి పత్రికల మాట. ఒంటి తలనొప్పి, సగం తలనొప్పి అన్నవి ఇళ్ళలో వినిపించేవి. నొప్పితోపాటు వాంతి వస్తే అది పైత్యం తలనొప్పి అయిపోతుంది. ఆయుర్వేద గ్రంథాలలో చరకుడూ సుశ్రుతుడూ చెప్పిన అర్ధావభేదకం దీనికి దగ్గరగా ఉండే రోగం. మైగ్రేన్ అన్న మాట కూడా తలలో సగమని అర్థమిచ్చే గ్రీకు మాట నుంచి అరిగి వచ్చినదే. ఇన్ని భాషలు కలిసి ఒక్క లక్షణాన్నే పట్టుకున్నాయి. అయితే ఆ లక్షణం తప్పనిసరి కాదు: చాలామందికి ఈ నొప్పి తలకు రెండు వైపులా వస్తుంది. వెలుతురు సహించకపోవడం, చప్పుడు సహించకపోవడం, కడుపులో తిప్పడం, మెట్లెక్కితే నొప్పి పెరగడం, ఏ మందూ వేసుకోకపోతే నాలుగు గంటల నుంచి మూడు రోజుల దాకా సాగడం – నిర్ణయానికి ఇవి కావాలి. పైత్యమని పేరు పెట్టిన అమ్మమ్మలు ఆ వాంతిని గమనించారు. ఆ మాటకొస్తే పార్శ్వమని పేరు పెట్టిన పండితుల కన్నా వాళ్ళ పరిశీలనే మెరుగు.

టెక్సస్‌లోని ప్లేనో, ఫ్రిస్కో ప్రాంతాలలో స్థిరపడిన తెలుగువారి మధ్య ఈ జబ్బుకు ఇంకొక పేరు చేరింది: సైనస్. ఉత్తర టెక్సస్‌లో పుప్పొడికి సెలవు లేదు. చలిగాలి ఒక్క పూటలో దిగివచ్చి వాతావరణపీడనాన్ని మార్చేస్తుంది. కళ్ళ వెనకా బుగ్గల మీదా నొప్పి, ముక్కు నుంచి నీరు, ఇవి కనబడగానే ఎలర్జీ మాత్ర బయటకు వస్తుంది. 2004లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశీలనలో, తమది సైనస్ తలనొప్పి అని తామే చెప్పుకున్నవారినో, లేదా వైద్యులు అలా చెప్పినవారినో దాదాపు మూడువేలమందిని పరీక్షిస్తే, 88 శాతం మందికి ఉన్నవి మైగ్రేన్ తరహా లక్షణాలేనని తేలింది. ముక్కు కారడం కూడా మైగ్రేన్‌లో భాగం కావచ్చు. ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నాడి రేగినప్పుడు కళ్ళూ ముక్కూ చెమ్మగిల్లుతాయి. జబ్బుకు సరైన పేరు దొరకనివారికి సరైన మందు దొరకదు. మూలికల మందుల మీద చర్చకు ముందు ఈ సంగతి చెప్పుకోక తప్పదు. ఎందుకంటే సహజమైన మందు పనిచేసిందా లేదా అన్న సాక్ష్యాలలో ఎక్కువ భాగం తమ జబ్బు ఏమిటో నికరంగా తెలియనివారు చెప్పేవే.

బాధితుల సంఖ్య చిన్నది కాదు. ప్రపంచవ్యాప్తంగా నూరు కోట్లకు పైబడిన మనుషులకు మైగ్రేన్ ఉందని 2016 నాటి లెక్క. కర్ణాటకలో ఇంటింటికీ వెళ్ళి చేసిన ఒక సర్వేలో, ఏడాది కాలంలో మైగ్రేన్ బారిన పడినవారు పెద్దలలో సుమారు 25 శాతం అని 2015లో ప్రకటించారు. మగవారితో పోలిస్తే ఆడవారిలో ఇది రెండు మూడు రెట్లు ఎక్కువ. ఇరవై, ముప్ఫై, నలభై ఏళ్ళ వయసులో, అంటే చదువూ ఉద్యోగమూ పిల్లల పెంపకమూ ఒకేసారి నెత్తిన ఉన్న కాలంలో, దీని తాకిడి ఎక్కువ.

ఆ వయసు స్త్రీలు మూలికల వైపు చూడటాన్ని అజ్ఞానమని తోసెయ్యడం అన్యాయం. మైగ్రేన్ రాకుండా రోజూ వేసుకునే పాత మందులలో వాల్‌ప్రోయేట్, టోపిరమేట్ గర్భస్థ శిశువుకు హాని చేస్తాయి. మరికొన్ని నిద్రమత్తునూ బరువునూ పెంచుతాయి. టోపిరమేట్ వేసుకున్న కొందరికి మాటలు తడుముకోవలసి వస్తుంది. సమావేశాలలో మాట్లాడటమే ఉద్యోగమైనవారికి అది చిన్న ఇబ్బంది కాదు. నెలనెలా సూదిమందుగా తీసుకునే కొత్త మందులకు ముందుగా ఇన్సూరెన్సు కంపెనీ అనుమతి కావాలి, ఆ అనుమతికి ముందు పాత మందులు వాడి విఫలమై ఉండాలి. ఇన్ని మెట్లు ఎక్కలేని మనిషికి అరలో వరసగా పేర్చిన ఆకుపచ్చ సీసాలు ఆశగా కనిపించడంలో వింత లేదు. అయితే ఆ సీసాలో ఏముందన్నది వేరే ప్రశ్న.

మొక్కల నుంచి మైగ్రేన్ మందు రావడం అసంభవమేమీ కాదు, అసలు ఆధునిక మైగ్రేన్ వైద్యం మొదలైందే అలా. రై ధాన్యపు కంకులకు పట్టే ఎర్గాట్ అనే బూజు మధ్యయుగాల ఐరోపాలో ఊళ్ళకు ఊళ్ళను పీడించింది. ఆ రొట్టె తిన్నవారి కాళ్ళూ చేతులూ నల్లబడి రాలిపోయేవి. ఆ బూజు నుంచే 1918లో ఆర్థర్ స్టోల్ స్విట్జర్లాండ్‌లో ఎర్గోటమీన్‌ను వేరు చేశాడు. అది కణతల దగ్గరి ధమనుల కొట్టుకోలును తగ్గిస్తుందనీ, దానితోపాటు నొప్పి దిగుతుందనీ 1938లో గ్రాహమ్, వుల్ఫ్ చూపించారు. రక్తనాళాలు ఉబ్బడమే జబ్బు అన్న వారి సిద్ధాంతం తర్వాత నిలబడలేదు గాని మందు మాత్రం దశాబ్దాలపాటు నిలబడింది. విల్లో చెట్టు బెరడులోని సాలిసిన్ నుంచి మొదలైన దారి ఆస్పిరిన్ దాకా వచ్చింది. ఆస్పిరిన్, ఎసిటమినోఫెన్, కాఫీ గింజలోని కెఫీన్ కలిసిన మాత్రను చీటీ లేకుండానే మైగ్రేన్‌కు అమ్మడానికి 1998లో అమెరికా ప్రభుత్వం అనుమతించింది. రోజుకు మూడు ఫిల్టర్ కాఫీలు తాగేవారికి శనివారం పొద్దున్న వచ్చే తలనొప్పి కూడా ఆ కెఫీన్ చలవే. ఒకే పదార్థం మోతాదును బట్టి, వేళను బట్టి మందూ కాగలదు, కారణమూ కాగలదు.

ఈ మందులన్నిటిలో గమనించవలసిన వరస ఒకటుంది. ముందు మొక్క, తర్వాత అందులోని పదార్థం, ఆ తర్వాత దాని మోతాదు, చివరికి దాని ప్రమాదం – ఒక్కొక్కటీ తేలితే గాని అది మందు కాలేదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాకు బయలుదేరకముందు మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. లెడర్లీలో ఆయన బృందం ఆ తర్వాత చేసిన పనిలో సగం ఇదే: కాలేయపు సారంలోనో, మట్టిలోని సూక్ష్మజీవిలోనో గుణమిచ్చేదేదో దాన్ని వడగట్టి వడగట్టి ఒక్క పదార్థంగా చేతికి తెచ్చుకోవడం. మైగ్రేన్ మూలికల మీద తెలుగులో వచ్చే వ్యాసాలు సాధారణంగా మొదటి మెట్టు మీదే కూర్చుంటాయి. మొక్క పేరు, దాని ప్రాచీనత, ఒకటి రెండు అనుభవాలు, అంతే.

మెట్లన్నీ ఎక్కడానికి ప్రయత్నించిన మొక్కలు ప్రధానంగా రెండు. రెండూ చామంతి కుటుంబానివే.

మొదటిది ఫీవర్‌ఫ్యూ. తెల్లరేకుల చిన్న చామంతిలా ఉండే ఈ మొక్క ఆకులు నమిలితే మైగ్రేన్ రాదని బ్రిటన్‌లో ప్రచారమైంది. 1985లో లండన్ వైద్యులు దీన్ని పరీక్షకు పెట్టారు. అప్పటికే రోజూ ఆకు తింటున్న 17 మందిని తీసుకుని, సగం మందికి ఎండు ఆకు పొడి ఉన్న గొట్టాలు, సగం మందికి ఉత్తుత్తి గొట్టాలు ఇచ్చారు. ఉత్తుత్తి గొట్టాలు తిన్నవారికి తలనొప్పులు పెరిగాయి. ఈ ఫలితాన్ని మొక్క ఘనవిజయంగా ఇప్పటికీ ఉదాహరిస్తుంటారు. కాని ఆ పరీక్షకు వచ్చినవారంతా ఆకు తమకు పనిచేస్తోందని ముందే నమ్మినవారు. పైగా, అలవాటైన పదార్థాన్ని ఒక్కసారిగా మానిపిస్తే నొప్పి పెరగడం, పదార్థం నొప్పిని ఆపుతోందనడానికి రుజువు కాదు. కాఫీ మానేసినవాడికి తల పగిలిపోతుంది, అంతమాత్రాన కాఫీ తలనొప్పికి నివారణ అనలేరు. ఆ తర్వాత మరింత జాగ్రత్తగా చేసిన పరీక్షలు వచ్చాయి. 2015లో కాక్రేన్ సంస్థ సమీక్షకులు ఆరు పరీక్షలను, మొత్తం 561 మంది రోగులను ఒకచోట చేర్చి చూశారు. వాటిలో పెద్దదీ కొత్తదీ అయిన పరీక్షలో తేలిన తేడా: ఉత్తుత్తి మాత్ర కన్నా నెలకు 0.6 నొప్పులు తక్కువ. నెలకు ఒక నొప్పి కూడా కాదు, దాదాపు సగం. సాక్ష్యం నాణ్యత తక్కువన్నది సమీక్షకుల నిర్ణయం. ప్రమాదం పెద్దగా కనపడలేదు, నోటిపూత వంటివి తప్ప. గర్భిణులు మాత్రం దీనికి దూరంగా ఉండాలన్నది వైద్యుల మాట.

రెండవది బటర్‌బర్. దీని కథ ఎక్కువమందికి తెలియాలి. ఐరోపా వాగుల ఒడ్డున పెద్ద పెద్ద ఆకులతో పెరిగే ఈ మొక్క దుంప నుంచి జర్మనీలో ఒక సారం తయారైంది. 2004లో 245 మంది మీద జరిగిన పరీక్షలో, రోజుకు రెండు పూటలా 75 మిల్లీగ్రాముల చొప్పున తీసుకున్నవారికి నొప్పులు 48 శాతం తగ్గాయి. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారికి 26 శాతం. ఇది నిజమైన తేడా. ఎన్నో కంపెనీల మందులు ఇంతకన్నా తక్కువ ఫలితంతోనే అనుమతి పొందాయి. 2012లో అమెరికా న్యూరాలజీ అకాడమీ తన మార్గదర్శకాలలో బటర్‌బర్‌కు అత్యున్నత శ్రేణినిచ్చింది. ఆ ఏడే బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని వాడవద్దని హెచ్చరించింది. మొక్కలో సహజంగానే ఉండే పైరోలిజిడీన్ ఆల్కలాయిడ్లు కాలేయాన్ని పాడుచేస్తాయి. వాటిని తొలగించామని చెప్పిన సారాల విషయంలోనూ కాలేయం దెబ్బతిన్న కేసులు వెలుగులోకి వచ్చాయి. 2015లో అకాడమీ తన మార్గదర్శకాన్ని ఉపసంహరించుకుంది.

దీనికి జంటగా చెప్పవలసిన కథ ఇంకొకటి ఉంది, అది కంపెనీల ప్రయోగశాలల నుంచి వచ్చింది. మైగ్రేన్ సమయంలో మెదడు పొరల్లోని నాడుల చివరల నుంచి సీజీఆర్‌పీ అనే చిన్న ప్రోటీన్ విడుదలవుతుందని 1990 ప్రాంతంలో గోడ్స్‌బీ, ఎడ్విన్సన్ చూపించారు. దాన్ని అడ్డుకునే మాత్రలలో ముందుకు దూసుకువచ్చిన టెల్కాజెపాంట్ రోగులకు పనిచేసింది, కాని కొందరిలో కాలేయపు ఎంజైములు పెరిగాయి. కంపెనీ దాన్ని వదిలేసుకుంది. అది ఎన్నడూ దుకాణంలోకి రాలేదు. అదే కుటుంబంలో కాలేయాన్ని బాధించని మాత్రలు 2019 చివర, 2020 మొదట్లో అనుమతి పొందాయి. కాలేయం దగ్గర సహజానికీ కృత్రిమానికీ తేడా లేదు. తేడా ఉన్నది లెక్క అడిగేవారి దగ్గర. ఒక చోట మందు అమ్మకానికి రాకముందే రక్తపరీక్షలు చేసి ఆపేశారు. ఇంకొక చోట ఏళ్ళ తరబడి అమ్మిన తర్వాత, రోగుల కేసులు పోగయ్యాక తెలిసింది.

ఈ రెండు మొక్కలలో ఏం పనిచేస్తోందన్న పరిశోధన మాత్రం రసవత్తరమైనది. అది తెలుగువారి వంటింటి దాకా వస్తుంది. కొత్త ఆవకాయ జాడీ మూత తీసినప్పుడు ఆవఘాటు ముక్కులోంచి నడినెత్తికి ఎక్కుతుంది. ఆ ఘాటుకు కారణం ఆవాలు పొడిచేసి తడి తగిలినప్పుడు పుట్టే అల్లైల్ ఐసోథయోసయనేట్. అది ట్రైజెమినల్ నాడి చివరల మీద ఉండే టీఆర్‌పీఏ1 అనే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. మైగ్రేన్ నొప్పిని మోసేదీ ఆ నాడే, సీజీఆర్‌పీని విడుదల చేసేదీ ఆ నాడి చివరలే. కాలిఫోర్నియాలో తలనొప్పి చెట్టు అని పేరుపడ్డ ఒక వృక్షం ఉంది. దాని ఆకులు నలిపి వాసన చూస్తే కొందరికి తలనొప్పి వస్తుంది. ఆ ఆకులోని అంబెల్యులోన్ పట్టేది కూడా ఇదే గ్రాహకాన్నని ఇటలీలోని ఫ్లారెన్సు పరిశోధకులు 2012లో నిరూపించారు. ఆ బృందమే ఫీవర్‌ఫ్యూలోని పార్థెనోలైడ్‌నూ, తర్వాత బటర్‌బర్‌లోని ఐసోపెటాసిన్‌నూ పరీక్షించింది. రెండూ ఆ గ్రాహకాన్ని తొలుత కొద్దిగా తట్టి, పిమ్మట మొద్దుబారేట్టు చేస్తాయి. రోజూ ఆవఘాటుకు అలవాటుపడిన నాలుక లాంటిదన్నమాట ఆ నాడి పరిస్థితి. దాంతో సీజీఆర్‌పీ విడుదల తగ్గుతుంది.

ఇంత అందమైన వివరణ దొరికాక ఆగి చూడటం కష్టం. గ్రాహకం మీద పనిచేసినట్టు గిన్నెలో కణాల మీదా ఎలుకల మీదా చూశారు. మనిషి మింగిన గొట్టంలోని పార్థెనోలైడ్ ఎంత భాగం పేగు దాటి, కాలేయం దాటి, నాడి దాకా చేరుతుందన్నది వేరే ప్రశ్న. పసుపులోని కర్క్యుమిన్ విషయంలో ప్రతిసారీ జరిగే పొరపాటు ఇదే. గాజుగిన్నెలో కర్క్యుమిన్ అడ్డుకోని వాపు లేదు, రక్తంలోకి మాత్రం అది చేరేది అత్యల్పం. పప్పులో వేసిన చిటికెడు పసుపుకూ ఆ ప్రయోగాలకూ మధ్య దూరం చాలా ఉంది.

ఎలుకల గురించి కూడా ఒక మాట. ప్లేనోకు ఆనుకుని దక్షిణాన ఉన్న రిచర్డ్‌సన్‌లో, డాలస్ టెక్సస్ విశ్వవిద్యాలయంలో, నొప్పి మీద పనిచేసే ప్రయోగశాలలు ఉన్నాయి. ఆ ప్రాంతపు తెలుగు విద్యార్థులు వందలమంది చదివే ప్రాంగణమే. అక్కడ గ్రెగ్ డసర్ బృందం 2019లో ప్రకటించిన ఫలితం తేలికైనది కాదు. మెదడును కప్పి ఉండే డ్యూరా పొర మీద సీజీఆర్‌పీని వేసినప్పుడు ఆడ ఎలుకలకు ముఖం మీద స్పర్శ కూడా బాధగా మారింది, మగవాటికి మారలేదు. ఎన్నో దశాబ్దాల పాటు నొప్పి ప్రయోగాలు ఎక్కువగా మగ జంతువుల మీదే జరిగాయి. ఆడవారిలో అధికంగా ఉండే జబ్బుకు మొక్కల పదార్థాలు పనిచేస్తాయని మగ ఎలుకల మీద చూపించిన పరిశోధనాపత్రాలను ఇప్పుడు ఏ మేరకు నమ్మాలి? ఒక సారం ఎలుకలలో నొప్పి తగ్గించింది అన్న వార్త చదివినప్పుడు ముందు అడగవలసిన ప్రశ్న ఇది. ఆ వార్తలు రాసేవారు దాదాపుగా అడగనిదీ ఇదే.

ఇక సముద్రపు నాచు. విశాఖతీరపు రాళ్ళ మీద అలల వేళకు మునిగి తేలే నాచుజాతులను ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వృక్షశాస్త్రజ్ఞులు ఉమామహేశ్వరరావు, శ్రీరాములు 1960లలోనే శ్రద్ధగా పరిశీలించారు. తెలుగువారి తిండిలో నాచుకు చోటు లేదు గాని పరిశోధనలో ఉంది. నాచులోని ఫ్యూకాయిడాన్, ఫ్లోరోటానిన్లు, కాలెర్పిన్ వంటి పదార్థాలు కణాలలోనూ ఎలుకలలోనూ వాపునూ నొప్పినీ తగ్గించినట్టు పత్రాలు వస్తున్నాయి. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ నాచుసారంతో కీళ్ళనొప్పులకు ఒక ఉత్పత్తిని తయారుచేసి బజారులోకి పంపింది కూడా. కీళ్ళ వాపు నుంచి మైగ్రేన్‌కు దూకడం మాత్రం పెద్ద దూకుడు. ప్రాంతం వేరు, నాడి వేరు, కారణం వేరు.

నాచుకూ నొప్పికీ ఉన్న అసలు బంధం వార్తల్లో కనబడే దానికి తలకిందులుగా ఉంటుంది. ఎర్ర నాచు నుంచి తీసే క్యారజీనన్ ఐస్‌క్రీములనూ టూత్‌పేస్టులనూ చిక్కబరుస్తుంది. దాన్నే ఎలుక పాదంలోకి సూదితో ఎక్కిస్తే పాదం వాచిపోతుంది. 1962 నుంచి ప్రపంచంలోని మందుల ప్రయోగశాలలు నొప్పినీ వాపునూ పుట్టించడానికి వాడుతున్న పదార్థాలలో ఇది మొదటి వరసలోనిది. అంటే, నొప్పిని తగ్గించే మూలికల సారాలను పరీక్షించడానికి ముందు నొప్పి పుట్టించేది నాచే. క్యారజీనన్ ఇచ్చే నాచును తమిళనాడులో రామనాథపురం తీరాన 2000 ప్రాంతంలో జాలరి మహిళల చేత సాగుచేయించడం మొదలుపెట్టినది పెప్సీకో కంపెనీ. దాని చిరుతిళ్ళ విభాగం ఫ్రిటో-లే ప్రధాన కార్యాలయం ప్లేనోలో లెగసీ డ్రైవ్ మీద ఉంది. నాచుకూ ప్లేనోకూ సంబంధం లేదనుకునేవారికి ఈ చిన్న వివరం సరదాగా ఉండవచ్చు.

రెండవ బంధం ఇంకా లోతైనది. జపానులో పిల్లలకు నులిపురుగులు పోవడానికి డైజీనియా అనే ఎర్ర నాచు కషాయం తాగించేవారు. దాని నుంచి 1953లో కైనిక్ ఆమ్లాన్ని వేరుచేశారు. అది మెదడులో గ్లుటమేట్ పనిచేసే చోట గ్లుటమేట్ కన్నా చాలా గట్టిగా అతుక్కుంటుంది. ఎక్కువైతే నాడీకణాలను చంపేస్తుంది, ఎలుకలకు మూర్ఛలు తెప్పిస్తుంది. అది అతుక్కునే గ్రాహకాలకు కైనేట్ గ్రాహకాలనే పేరు స్థిరపడింది, ప్రతి నాడీశాస్త్ర పాఠ్యపుస్తకంలోనూ ఒక నాచు పేరు అలా చేరిపోయింది. ఆ గ్రాహకాలను మూసే ఒక కృత్రిమ పదార్థాన్ని 2004లో ఒక చిన్న పరీక్షలో మైగ్రేన్ వచ్చినవారికి ఎక్కిస్తే, ఉత్తుత్తి మందు కన్నా స్పష్టంగా మెరుగైన ఫలితం కనిపించింది. దాని తర్వాతి దారి బజారు దాకా సాగలేదు. ఇక్కడ నాచు ఇచ్చింది మందును కాదు, తాళం ఎక్కడుందో చూపించిన తాళంచెవిని. ప్రకృతిలోని పదార్థాల వల్ల వైద్యానికి కలిగిన మేలులో పెద్దభాగం ఈ తరహాదే. మిరపకాయలోని కాప్‌సైసిన్ పుణ్యాన 1997లో వేడిని గుర్తించే గ్రాహకం దొరికింది. ఆ దారిన పోయిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. గుంటూరు మిరపకాయ తినడం వల్ల మాత్రం ఎవరికీ ఏ జబ్బూ కుదరలేదు.

సముద్రం నుంచి మైగ్రేన్ రోగికి నేడు చేతికందేది ఒకటుంది, అది నాచు సారం కాదు, కొవ్వు. చేపనూనెలో ఉండే ఒమేగా-3 ఆమ్లాలను చేప తయారుచేయదు. కంటికి కనపడని సూక్ష్మశైవలాలు తయారుచేస్తాయి, చేప వాటిని తిని పోగుచేసుకుంటుంది. శాకాహారులు అదే పదార్థాన్ని శైవలాల నూనె గొట్టాలుగా కొనుక్కోవచ్చు. 2021లో అమెరికాలో రామ్స్‌డెన్ బృందం 182 మందికి 16 వారాలు మూడు రకాల తిండి పెట్టి చూసింది. చేపకొవ్వును పెంచిన తిండి తిన్నవారికి మామూలు తిండి తిన్నవారితో పోలిస్తే నెలకు రెండు తలనొప్పి రోజులు తగ్గాయి. చేపకొవ్వును పెంచి, లినోలేయిక్ ఆమ్లాన్ని తగ్గించినవారికి నాలుగు రోజులు తగ్గాయి. జీవితం మీద నొప్పి ప్రభావాన్ని కొలిచే ప్రశ్నావళిలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ మాట దాచకుండా చెప్పడం ఆ పత్రం మర్యాద. లినోలేయిక్ ఆమ్లం ఎక్కువగా ఉండేవి మొక్కజొన్న, సోయా, మామూలు రకం పొద్దుతిరుగుడు నూనెలు. నువ్వుల నూనె, వేరుశెనగ నూనె వదిలి గుండె పేరు మీద పొద్దుతిరుగుడు నూనెకు మారిన తెలుగు ఇళ్ళు ఈ వార్తను ఎలా తీసుకుంటాయో గాని, మూలికల సీసాల మీద వచ్చిన వ్యాసాలలో పదోవంతు కూడా ఈ పరీక్ష మీద తెలుగులో కనపడవు. ఇందులో మొక్కను నిందించాలి, చేపను పొగడాలి. రెండూ అలవాటు లేని పనులు.

అల్లం మీద ఆశ ఎక్కువ, పరిశోధన అంతకన్నా మంచిది. 2014లో ఇరాన్‌లో 100 మంది రోగులకు నొప్పి వచ్చినప్పుడు సగం మందికి 250 మిల్లీగ్రాముల శొంఠిపొడి, సగం మందికి సుమట్రిప్టాన్ ఇస్తే రెండూ ఇంచుమించు సమానంగా పనిచేశాయి. ఉత్తుత్తి మాత్ర తీసుకున్న మూడవ గుంపు అందులో లేదు, అందువల్ల రెండూ పనిచేశాయా లేక నొప్పి తనంతట తానే దిగిందా అన్నది ఆ పరీక్ష చెప్పలేదు. బ్రెజిల్‌లో 107 మందికి నొప్పి రాకుండా రోజూ అల్లం గొట్టాలు ఇచ్చి చూశారు. అల్లానికీ ఉత్తుత్తి గొట్టానికీ తేడా లేదని 2020లో ప్రకటించారు. వాంతికి శొంఠి మేలన్నది పాత నమ్మకమే. పైత్యం తలనొప్పికి సానమీద అరగదీసిన శొంఠిగంధాన్ని నుదుటికి పట్టు వేసేవారు. నొప్పి ఉన్నచోట మంట పుట్టించడమన్న ఆ చిట్కాకు నాడీశాస్త్రంలో తోవ దొరక్కపోదు గాని దాన్ని ఎవరూ తూచి చూడలేదు.

ఆ పట్టుకు సీసా రూపమిచ్చినది ఒక తెలుగువాడే. కృష్ణాజిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం ప్రారంభించారు. ఆ లాభాలతోనే 1908లో అక్కడే ఆంధ్రపత్రిక మొదలైంది, 1914 నుంచి మద్రాసులో దినపత్రికగా సాగింది. తెలుగు పత్రికారంగానికీ ఆంధ్రోద్యమానికీ పెట్టుబడి తలనొప్పి మందు నుంచి వచ్చిందన్నది చరిత్ర. ఆ పసుపుపచ్చని లేపనంలో ప్రధానమైనవాటిలో ఒకటి పుదీనాజాతి మొక్కల నుంచి వచ్చే మెంథాల్. చలిని గుర్తించే టీఆర్‌పీఎం8 గ్రాహకాన్ని అది తడుతుంది. 2011లో వేలమంది జన్యువులను పోల్చి మైగ్రేన్‌తో ముడిపడినవాటిని వెతికినప్పుడు బయటపడ్డ మూడు చోట్లలో ఒకటి ఈ గ్రాహకపు జన్యువే. దానిలోని ఒక రూపభేదం నైజీరియాలో 5 శాతం మందిలోనూ ఫిన్లండులో 88 శాతం మందిలోనూ ఉందనీ, చలిదేశాలకు అలవాటుపడటంలో భాగంగా అది పెరిగి ఉంటుందనీ 2018లో మరో బృందం చెప్పింది. నుదుటికి రాసే మెంథాల్ మీద షిరాజ్‌లో 35 మందితో ఒక పరీక్ష జరిగింది, ఫలితం ఆశాజనకం. కాని మెంథాల్ వాసనను రోగి దగ్గర ఎవరు దాచగలరు? వాసన తెలిసిన క్షణాన ఉత్తుత్తి మందు ఉత్తుత్తి కాకుండా పోతుంది. నూటముప్ఫై ఏళ్ళుగా ఇంటింటా ఉన్న మందుకు ఇంత తక్కువ పరీక్ష జరగడానికి కారణం ఈ చిక్కూ, దానితోపాటు పరీక్షించవలసిన అవసరం ఎవరికీ లేకపోవడమూ. అది పెద్దగా హాని చేయదు. చల్లదనం కొంత ఊరటనిస్తుంది. అంతవరకే చెప్పి ఊరుకుంటే అమృతాంజనానికి అన్యాయం జరగదు.

అమెరికాలో ఆకుపచ్చ సీసాలను నడిపే చట్టం 1994 నాటిది. దాని ప్రకారం ఆహారపూరకంగా అమ్మే మూలిక గుణమిస్తుందని ముందుగా నిరూపించవలసిన పని లేదు. ఫలానా జబ్బును నయం చేస్తుందని సీసా మీద రాయకూడదు గాని తల ఆరోగ్యానికి తోడ్పడుతుంది అనవచ్చు. కింద చిన్న అక్షరాలలో ప్రభుత్వ సంస్థ ఈ మాటలను పరిశీలించలేదన్న వాక్యం ఉండాలి. బటర్‌బర్ ఇప్పటికీ ఆ అరల్లో దొరుకుతుంది. ఆల్కలాయిడ్లు లేవన్న మాట సీసా మీద ఉండవచ్చు, ఆ మాటను అమ్మకానికి ముందు తనిఖీ చేసేవారు లేరు. పక్కనే మెగ్నీషియం, రైబోఫ్లేవిన్ ఉంటాయి, వాటికి ఉన్న సాక్ష్యం పరిమితమైనా నిజాయితీగలది. వైద్యులే వాటిని రాసిస్తుంటారు.

ప్రమాదం సీసాలో మాత్రమే లేదు, కాలంలో ఉంది. ఒక మూలికకు ఆరునెలలు, మరొకదానికి ఆరునెలలు ఇచ్చి చూస్తున్నప్పుడు నడుమ వచ్చిన నొప్పులకు దుకాణపు మాత్రలు వేసుకుంటూనే ఉంటారు. మామూలు నొప్పిమాత్రలు నెలకు 15 రోజులకు, కెఫీన్ కలిసినవీ ట్రిప్టాన్లూ 10 రోజులకు చేరి నెలల తరబడి సాగితే ఆ మాత్రలే రోజువారీ తలనొప్పిని పుట్టిస్తాయి. నెలకు నాలుగు రోజుల జబ్బు ఇరవై రోజుల జబ్బవుతుంది. అప్పుడు న్యూరాలజిస్టు మొదట అడిగేది ఏ మూలిక వాడారని కాదు. గత మూడు నెలల్లో ఎన్ని రోజులు ఏ మాత్ర వేసుకున్నారో రాసిన కాగితం అడుగుతారు. చాలామంది దగ్గర ఆ కాగితం ఉండదు.